సింహం ఉన్న దిక్కు

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో ఎదురుపడ్డ ఏ బండికైనా సింహం ఉన్న దిక్కు చెప్పడం మా గైడ్ల ఆచారం. మొన్న నైరోబీ దంపతులు సొంత కారులో తిరుగుతూ దారి పొడుగునా మమ్మల్నే అడిగి, గేటు దగ్గరి సందర్శకుల పుస్తకంలో "ఐదు సింహాలు మేమే కనిపెట్టాం. గైడ్ దండగ" అని రాసిపోయారు.

అది చదివి, ఇవాళ నా బండి ఎక్కాల్సినవాళ్ళూ అద్దె కారు తీసుకున్నారు.

"నీ నోరే నీ పొట్ట కొట్టింది సంకాలే," అన్నాడు తోటి గైడ్ పర్సలోయ్.

వాగు దగ్గర ఆ అద్దె కారు వాళ్ళే బండాపి, "అన్నా, సింహాలెటు?" అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అబద్ధమాడాను. బురద వైపు చెయ్యి చూపించాను.

మధ్యాహ్నానికి మనసొప్పక తాడు తీసుకెళ్ళి, దిగబడ్డ కారును నేనే బయటికి లాగాను.

సాయంత్రం పుస్తకం తెరిచాను. "బురదలో దిగబడినా మేమే బయటపడ్డాం. గైడ్ దండగ."