క్రేనమ్మ శుభవార్త

నడుముకు తగిలించుకున్న వాకీటాకీ జారబోతే ఎవరైనా ఏం చేస్తారు? చేత్తో పట్టుకుంటారు. క్రేనమ్మా అదే చేసింది. తను నడిపే క్రేను గదికి పోయే అరవై రెండు మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కుతూ ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగింది. పొట్ట మీద చెయ్యి వేసి ఆ జారేదాన్ని పట్టుకుంది, కాస్త ఊపిరి తీసుకుంది, మళ్ళీ ఎక్కింది. ఆ చెయ్యే ఆమె కొంప ముంచింది.

కింద కాటా దగ్గర లారీలు తూచే గుమాస్తా అది చూశాడు. ఆ మహానుభావుడి నోట్లో నువ్వుగింజ నానదు. భోజనాల గంట కొట్టేలోగా ఇనుము కరిగించే ఆ కార్ఖానా మొత్తానికీ తెలిసిపోయింది, క్రేనమ్మ నీళ్ళోసుకుందని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అన్నారా! సాయంత్రానికి వీళ్ళు పేరు కూడా వెతకడం మొదలుపెట్టారు.

మొదట ఆమె నవ్వేసింది. నవ్వడానికి వేళ కాదని రెండో రోజుకి అర్థమైంది. ఆరేళ్ళుగా ఆమె నడుపుతున్నది చిన్న క్రేను, కడ్డీల కట్టలు ఎత్తేది. కొలిమి దగ్గర కరిగిన ఇనుమును గంగాళంతో మోసే పెద్ద క్రేను వేరు. అది ఎక్కాలంటే మూడు నెలల శిక్షణ కావాలి, దానికి ఏడాదికి ఒక్కటే సీటు. ఈ ఏడు ఆ సీటు నీదేనమ్మా అని ఫోర్‌మన్ స్వయంగా చెప్పాడు. నెలాఖరుకు పేరు పైకి వెళ్ళాలి. ఆ పేరు కోసం ఆమె ఆరేళ్ళలో ఒక్క కట్ట జారనివ్వలేదు, ఒక్క పూట ఆలస్యంగా రాలేదు.

ఆ ఫోర్‌మన్ చెడ్డవాడైనా బాగుండేది. నాలుగు కడిగేసి రావచ్చు. ఖర్మకొద్దీ మంచివాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆమెను పిలిచి, తన కుర్చీ ఆమెకిచ్చి, తను నిలబడి మాట్లాడాడు. ఇక నిచ్చెన ఎక్కొద్దన్నాడు. సామాన్ల గదిలో కూర్చుని బోల్టులూ చేతి తొడుగులూ ఇచ్చే పని చూసుకోమన్నాడు.

"అలాంటిదేమీ లేదండీ," అంది ఆమె.

"తెలుసులేమ్మా. మూడో నెల దాటేదాకా మా ఆవిడా ఇలాగే లేదు లేదంది."

ఇంక దీనికేం చెబుతారండీ? కాదంటే దాస్తోందంటారు, ఊరుకుంటే ఒప్పుకుందంటారు. క్యాంటీనులో వడ్డించే ఆవిడకు చెప్పింది, ఆవిడ కన్నుగీటి ఇంకో గరిటె వేసింది. తోటివాళ్ళకు ఒట్టేసి చెప్పింది, అంత గట్టిగా ఒట్టెందుకు వేస్తోందబ్బా అనుకున్నారు వాళ్ళు. కొక్కేనికి వేలాడే బరువు ఊగుతుంటే ఎదురు లాగొద్దు, లాగితే ఇంకా ఊగుతుంది అని కొత్తవాళ్ళకు నేర్పింది ఆమే. ఆ సంగతి తనకు గుర్తుకు రాలేదు.

ఆమె క్రేను జిరాఫీకి ఇచ్చారు. జిరాఫీ అంటే ఆమె దగ్గరే పని నేర్చుకున్న పొడుగు మనిషి. వారం తిరక్కుండా సీటుకీ అతని పేరే అనుకుంటున్నారని తెలిసింది. సామాన్ల గది కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు, తొడుగులు కావాలని వంక.

"అక్కా, నేనడగలేదు," అన్నాడు.

నిజమే, అడగలేదు. వద్దని కూడా అనలేదు. ఆమె తొడుగులిచ్చి పుస్తకంలో సంతకం చేయించుకుంది.

ఇంట్లో మొగుడు దర్జీ. మొదటిరోజు ఈ కబురు విని పడీపడీ నవ్వాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అన్నాడు. నాలుగో రోజు గుడ్డ కత్తిరిస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"నిజం కాదు కదా? అంటే... నాకింకా చెప్పలేదేమోనని."

పెళ్ళై ఎనిమిదేళ్ళు. అతని గొంతులో అనుమానం ఉంటే ఆమె పోట్లాడేది. వినపడింది ఆశ. వంటగదిలోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది. కడుపుతో ఉన్నానని కాగితం అడిగేవాళ్ళను చూశాంగానీ, లేనని రాసిమ్మనేవాళ్ళను ఇదే చూడటం అన్నది అక్కడి నర్సు. పరీక్ష చేశారు, గర్భం లేదని రాశారు, ముద్ర కొట్టారు. క్రేనమ్మ ఆ కాగితాన్ని మడత పడకుండా తెచ్చి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టింది. సీటుకి పేరు పైకి వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. గండం గడిచిందనుకుంది పిచ్చిది.

ఫోర్‌మన్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎప్పుడు పోయిందమ్మా?" అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాగితం మీద వేలు పెట్టి చూపించింది. లేనిది పోవడమేమిటండీ, అసలు లేదు అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆ వణుకు విని ఆయన కళ్ళు చెమర్చాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఇలాగే అంటారని ఆయనకు తెలుసట. సెలవు చీటీ తనే రాశాడు, జీతంతో పదిహేను రోజులు. కారణం దగ్గర గర్భస్రావం అని రాసి, సంతకానికి కలం అందించాడు. ఆ చీటీ ఆమె ఫైలులో ఉంటుంది. రేపు ఎవరు ఆమె పేరు చూసినా ముందు కనపడేది అదే.

"సీటు, సార్?" అంది.

"ఈసారికి జిరాఫీని వెళ్ళనీ. ముందు ఒళ్ళు చూసుకో తల్లీ. ఆ వాకీటాకీ ఇంకా నీ దగ్గరే ఉందిగా, ఇక్కడ పెట్టి వెళ్ళు, అతనికి కావాలి. వచ్చే ఏడు చూద్దాంలే. దేవుడు చల్లగా చూస్తే అప్పటికి నువ్వే మళ్ళీ శుభవార్త చెబుతావు."

మనస్ఫూర్తిగా అన్నాడు. అంత మంచి మాటకు ఎలా ఎదురుచెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. సంతకం చేయకపోయినా ఆయన పనిలోకి రానివ్వడు, ఆ పదిహేను రోజులూ నాగా కింద పోతాయి. చేసింది. వాకీటాకీ విప్పి బల్ల మీద పెట్టి, బయటికి వచ్చింది.

పైన చిన్న క్రేను కదులుతోంది. కట్ట బాగా ఊగుతోంది, జిరాఫీ ఎదురు లాగుతున్నాడు. అలా కాదు అని చెప్పబోయి, అలవాటు కొద్దీ ఆమె చెయ్యి నడుము దగ్గరకు పోయింది. అక్కడేమీ లేదు. చెయ్యి పొట్ట మీదే ఆగిపోయింది.

కాటా దగ్గర గుమాస్తా తలెత్తి చూశాడు.