మొదటి లైను

ఆ ఒక్క లైను తీసేస్తే కొంపలేం మునుగుతాయి, మునిగితే తన కొంపే మునుగుతుంది, అనుకుంటూ ఆమె ఆఫీసరు గది ముందు బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది, బెంచీ కిర్రుమంది, ఈ నీటి సరఫరా ఆఫీసులో ప్రకటనలు రాసే పనికి చేరి మూడేళ్ళు, ఈ బెంచీ కాలుకి ఒక్క మేకు కొట్టించిన పాపాన పోలేదు ఎవరూ, తన కాంట్రాక్టు కూడా ఈ బెంచీ లాంటిదే, ఈ నెలాఖరుతో సరి, ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు లోపల ఆయన బల్ల మీదే ఉంది, ఆయనంటే అందరూ చాటుగా ఎర్రపెన్ను అనుకునే ఆఫీసరు, ఏ ప్రకటన పట్టుకెళ్ళినా పైన ఎర్రసిరాతో ఒకటే రాస్తాడు, ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం లేదు, పైపు పగిలినా అదే, పంపు కాలినా అదే, రేపు ఆకాశం ఊడిపడినా అదే రాస్తాడు మహానుభావుడు.

పొద్దున ఆరున్నరకి ల్యాబ్ టెక్నీషియన్ ఫోను, రెండో ట్యాంకు నీళ్ళు పాడయ్యాయి మేడమ్, అప్పుడే పైపుల్లోకి వెళ్ళిపోయాయి, ఏడింటికి జనం కుళాయిలు తిప్పుతారు, ఎర్రపెన్నుకి చేస్తే స్విచాఫ్, విమానంలో ఉన్నాడు, ఆయన ముందే సంతకం చేసి ఉంచిన నమూనా ప్రకటన కంప్యూటర్లో సిద్ధంగా ఉంది, అక్షరం మార్చకూడదని రూలు, పైన ఆ లైను, మరిగించి తాగమన్న మాట ఎక్కడో అయిదో లైన్లో, ఆమె వేలు ఆగిపోయింది, చేరిన కొత్తలో తన మొట్టమొదటి ప్రకటన అచ్చం ఇలాగే వెళ్ళింది, ఆ రోజు తనని పెంచిన పిన్ని కళ్ళజోడు పెట్టుకుని పైలైను చదివి, ఏం భయం లేదంటలే అని ఫోను పక్కన పడేసి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది, నాలుగు రోజులు సెలైను ఎక్కించారు, ఆ ఆస్పత్రి మంచం మీద కూడా నర్సుతో, మా అమ్మాయే రాస్తుందమ్మా ఇవన్నీ, అని గొప్పలు, ఒక్క మాట తిట్టినా బాగుండేది, తిట్టలేదు, వేలు కదిలింది, ఆ లైను పోయింది, దాని చోట పైన, ఈ రోజు కుళాయి నీళ్ళు మరిగించకుండా తాగొద్దు, కింద మిగతా వివరాలు, ఆరూ నలభైకల్లా ఆ ట్యాంకు నీళ్ళు వెళ్ళే పేటల్లో ప్రతి ఫోనుకీ వెళ్ళిపోయింది.

లోపలికి రమ్మంటున్నారు అని అటెండరు తల బయటపెట్టాడు, ఆమె లేచి వెళ్ళింది, ఎర్రపెన్ను ముందు సాయంత్రానికి వచ్చిన ఆస్పత్రి లెక్కల కాగితం ఉంది, నా లైను ఎవరు తీసేశారు, నేనే తీశానండి, ఎవరినడిగి, ఎవరినీ అడగలేదండి, టైము లేదు, ఆయన కాగితం ఇటు తిప్పాడు, క్రితంసారి నూట ముప్ఫై మంది చేరారు, ఈసారి ఇద్దరు, ఆ ఇద్దరూ ఫోను చూసుకోలేదట, అని పెన్ను మూత తీశాడు, అయిపోయింది అనుకుంది, ఆయన నమూనా ప్రకటన ముందుకు లాక్కుని తన లైనునే తను అడ్డంగా కొట్టేశాడు, తర్వాత ఆమె ఫైలు తెరిచి సంతకం గీకాడు, చివర్లోనైనా పెట్టకపోయావా అమ్మా, మంచి లైనది, అన్నాడు దిగులుగా, ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది, బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది, హమ్మయ్య.

పిన్నికి ఫోను, ఉందా ఊడిందా, ఉంది పిన్నీ, పర్మనెంటు, ఆ మాట ముందు చెప్పొచ్చు కదే, పొద్దున్నుంచి గుండె పట్టుకుని కూర్చున్నా, నీళ్ళు మరిగించావా, మరిగించక, పైనే చెప్పావుగా తాగొద్దని, మరి కింద అయిదు నిమిషాలు మరిగించమని రాశాను, అదీ చదివావా, లేదే, మిగతాదంతా ఎందుకు చదవాలి, రాసింది నువ్వేగా, అంది పిన్ని ఏమీ ఎరగనట్టు, ఆమెకి కళ్ళు చెమర్చాయి, ఇన్నాళ్ళూ పిన్ని తొందరపాటు మనిషనీ, సగం చదివి వదిలేసిందనీ అనుకుంటూ వచ్చింది, ఆ రోజు కూడా పిన్ని మొదటి లైను దగ్గర ఆగింది ఇందుకే, రాసింది తన అమ్మాయేనని.