మెట్ల కింద డీజిల్

దేశం మొత్తంలో ఎంత చమురు ఉందో లెక్కగట్టే ఆఫీసంటే జనం ఏదో ఊహించుకుంటారు గానీ, అది నిజానికి కిటికీ లేని ఒక గది, మూడు బల్లలు, మూలిగే ఫ్యాను. ఓడల్లో ఎంత ముడిచమురు దిగింది, రిఫైనరీలు ఎంత శుద్ధి చేశాయి, డిపోల నుంచి ఎంత పెట్రోలు, ఎంత డీజిలు బయటికి వెళ్లింది, ట్యాంకుల్లో ఎంత మిగిలింది అని వారం వారం కూడి, తీసి, ప్రకటించడం అక్కడి పని. ఆ కూడికలూ తీసివేతలూ చేసే మనిషిని అందరూ లెక్కలాయన అనేవాళ్లు. ఆఫీసులో ఆ పేరు గౌరవంగా పలికేది. ఇంట్లో, అందులోనూ బావగారి నోట, అది వట్టి వెక్కిరింత.

మిగతా రెండు బల్లల్లో ఒకటి పై అధికారి మేడమ్‌ది, రెండోది ఫోనక్కది. ఓడరేవులకూ డిపోలకూ ఫోను చేసి అంకెలు రాబట్టేది ఫోనక్కే. ఎంత విసుక్కునే డిపో మేనేజరు చేతనైనా నవ్వుతూనే లెక్క చెప్పించేది. ఒక్కో అంకె పైకి చదివి, "రాసుకో తమ్ముడూ" అనేది. ఆ మాట పడితే తప్ప లెక్కలాయన పెన్ను కదిలేది కాదు. ఏళ్ల తరబడి అలా అలవాటైపోయింది.

ప్రకటన రోజున ముగ్గురూ తమ సెల్‌ఫోన్లు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి, తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకునేవాళ్లు. అంకెలు అందరికీ ఒకేసారి తెలియాలి కాబట్టి, ప్రకటన వెలువడేదాకా ఎవరూ గది దాటకూడదు, ఒంట్లో బాగాలేకపోతే తప్ప. అయితే ముందురోజు సాయంత్రానికే లెక్క దాదాపు తేలిపోయేది. ఆ పూట ఇంటికెళ్లి ఎవరి నోరు వాళ్లు కట్టుకోవాల్సిందే. దానికి మాత్రం గడియ లేదు.

ఆ వారం డీజిల్ నిల్వ గీత ఒక్కసారిగా కిందికి దిగింది. కారణం చాలా చిన్నది. సముద్రం మీద గాలి ఎక్కువగా ఉండి డీజిల్ ఓడ రేవు బయటే లంగరేసుకుని నిలబడింది. గొట్టం దాటి ఒడ్డున ఉన్న ట్యాంకులో పడేదాకా ఆ సరుకును నిల్వ కింద రాయకూడదన్నది వాళ్ల నియమం. గాలి తగ్గితే ఓడ లోపలికొస్తుంది, గీత మళ్లీ పైకి లేస్తుంది. ఇలాంటివి లెక్కలాయన ఎన్ని చూశాడో.

ఆ సాయంత్రం అక్క ఇంటికి భోజనానికి వెళ్లాడు. బావగారు సరుకుల వ్యాన్లు తిప్పే మనిషి. ఆ పూట ఆయనతో పాటు మరికొందరు వ్యాన్ల యజమానులు కూడా విస్తరాకుల ముందు కూర్చుని ఉన్నారు. బావగారికి శ్రోతలు దొరికితే వెక్కిరించడానికి బావమరిది దొరికినట్టే. "మా వాడి దగ్గర దేశంలోని డీజిలంతా ఉందండీ. రెండు లీటర్లు పొయ్యవయ్యా అంటే మాత్రం కాగితం చూపిస్తాడు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వడ్డిస్తున్న అక్క కూడా నవ్వింది. అక్క నవ్వడమే అతనికి ఎక్కువగా గుచ్చుకుంది.

అందుకే అన్నాడు. గొంతు తగ్గించి, ఎవరినీ చూడకుండా, "నిల్వ బాగా పడిపోయింది. బళ్లు నింపి పెట్టుకోండి బావగారూ," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎంత పడిపోయిందని బావగారు అడిగాడు. అంతకు మించి చెప్పకూడదన్నాడు లెక్కలాయన, ఎంతో నిబంధన పాటించేవాడిలా. బావగారు తన చేత్తో తానే అతనికి కూర వడ్డించాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ చెయ్యి అతని విస్తరి వైపు రావడం అదే మొదలు. ఓడ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఇంతేనా అని మళ్లీ నవ్వుతారు. అన్నంతో పాటు దాన్నీ మింగేశాడు.

ఆ మాట నోటా నోటా పాకి, తెల్లారేసరికి బంకుల ముందు జనం బారులు తీరారు. ప్రకటన వెలువడింది, అందులో ఓడ గురించి స్పష్టంగానే ఉంది. కానీ క్యాను పట్టుకుని వరసలో నిలబడ్డవాడు ప్రకటన చదువుతాడా? ముందువాడు నింపుకున్నాడు కాబట్టి వెనకవాడూ నింపుకున్నాడు. చూస్తుండగానే బంకులు ఎండిపోయాయి, స్టాకు లేదని అట్టలు వేలాడాయి. ట్యాంకర్లు వచ్చినవి వచ్చినట్టే ఖాళీ అయిపోతుంటే బస్సులు కూడా తగ్గించారు.

మొదటి రోజు లెక్కలాయనకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది. ఆ సంగతి తర్వాత తలుచుకుంటే అతనికి ఒళ్లు జలదరించేది. రెండో రోజు అక్క ఇంటికి వెళితే గుమ్మంలోనే డీజిల్ వాసన గుప్పుమంది. మెట్ల కింద పిల్లల చెప్పులు తీసేసి, వరసగా డ్రమ్ములు పెట్టారు. పొయ్యి వెలిగించాలంటే భయంగా ఉందని అక్క అంది గానీ, అంటున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. "నువ్వు ముందే చెప్పబట్టి గానీ, లేకపోతే మా బతుకేమయ్యేదిరా," అంది. మంచినీళ్లు తాగమన్నా తాగకుండా వచ్చేశాడు.

అసలు దెబ్బ ఆఫీసులో తగిలింది. పుకారు ప్రకటన కంటే ముందే పుట్టిందని పైవాళ్లు పసిగట్టారు. అంటే మాట ఆ గదిలోంచే బయటికి పొక్కింది. ఫోనక్క అన్నకు పెట్రోలు బంకు ఉంది. ఇంకేం కావాలి? బంకు ఉన్నవాడి చెల్లెలు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారన్నారు. నిజానికి డీజిల్ దొరక్క జరిగిన గొడవలో జనం అద్దాలు పగలగొట్టింది ఆ అన్న బంకుకే. విచారణ తేలేదాకా ఫోను పని వదిలి పాత కాగితాల గదిలో కూర్చోమని, వచ్చే వారం నుంచే వెళ్లాలని ఆమెకు ఉత్తర్వు వచ్చింది.

బస్సుల్లేక ఆమె రోజూ నడిచే వస్తోంది. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని, వాచిన కాళ్లు చేత్తో నొక్కుకుంటూ అతన్ని అడిగింది.

"నువ్వైనా నన్ను నమ్ముతున్నావా తమ్ముడూ?"

"నమ్ముతున్నానక్కా," అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె తప్పు చేయలేదని అతనికి తెలిసినంత గట్టిగా లోకంలో ఎవరికీ తెలియదు. ఆమె కళ్లు తుడుచుకుని, ఈ ఒక్క మాట చాలంది. లెక్కలాయనకు తల కొట్టేసినట్టయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు పెగల్లేదు. బావగారి ముందు అంత సులువుగా తెరుచుకున్న నోరే అది.

మళ్లీ ప్రకటన రోజు వచ్చింది. ఫోన్లు డబ్బాలో పడ్డాయి, గడియ పడింది. ఓడ ఎప్పుడో ఖాళీ అయింది, నిల్వ సర్దుకోవాల్సింది. కానీ వాడకం గీత మాత్రం కొండెక్కి కూర్చుంది. డిపో గేటు దాటిన ప్రతి చుక్కా వాడేసినట్టే వాళ్ల లెక్క. అది ఇంజన్‌లో కాలిందా, డ్రమ్ములో పడుకుందా అని ఎవరూ చూడరు.

మేడమ్ ఆ గీత వంక చూసి నుదురు రుద్దుకున్నారు. "బస్సులు తగ్గాయి, లారీలు సగం ఆగిపోయాయి. మరి ఈ డీజిలంతా ఎక్కడికి పోయింది?" అన్నారు. గీత కింద ఏదో ఒక కారణం రాయాలి కదా, పొలం పనుల వల్ల గిరాకీ పెరిగిందని రాసేద్దామా అని అతన్నే అడిగారు.

తలూపితే చాలు. అంతటితో పోతుంది. లెక్కలాయన ఎదుటి బల్ల వంక చూశాడు. ఆ బల్ల దగ్గర ఫోనక్కకు అదే ఆఖరి రోజు. చదవాల్సిన వరస మీద వేలు పెట్టుకుని, ఎప్పటిలాగే అతని కోసం ఆగి ఉంది.

"మా అక్క ఇంట్లో మెట్ల కింద ఉంది మేడమ్," అన్నాడు.

హాస్యమనుకుని మేడమ్ నవ్వబోయారు. ఫోనక్క నవ్వలేదు. అతను విందు సంగతి, వ్యాన్లవాళ్ల సంగతి, బావగారు కూర వడ్డించిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పేశాడు. చివరికి, "ఓడ వస్తుందని నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు," అన్నాడు.

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాడు, తిట్టినా బాగుండేది. తలుపు తీశాక పైవాళ్లకు ఈ సంగతి రాస్తానని, ముందు పని కానివ్వమని మాత్రం అన్నారు. లేచి పోదామంటే ప్రకటన వెలువడేదాకా గడియ తియ్యకూడదు. ముఖం దాచుకోవడానికి ఆ గదికి కిటికీ కూడా లేదు. ఫ్యాను మూలుగుతూనే ఉంది.

ఫోనక్క కాగితం తిప్పింది. ఎప్పటి గొంతుతోనే తర్వాతి డిపో అంకె చదివింది. లెక్కలాయన పెన్ను కాగితం మీద ఆనించి, అలవాటు కొద్దీ ఆ పిలుపు కోసం ఆగిపోయాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"రాసుకోండి సార్," అంది.