చిప్పల లక్ష్మీదేవమ్మ

లక్ష్మీదేవమ్మ కోపం సంగతి రేవులో తెలియనివాళ్లు లేరు. నందికొట్కూరు దాటి కృష్ణ వెనకనీళ్ల ఒడ్డున ఆమెకు పదహారు పడవలుండేవి. ఆమె జీపు కట్ట దిగుతోందంటే పడవల్లో ముచ్చట్లు ఆగిపోయేవి. బీడీలు నీళ్లలో పడేవి. తాడు సరిగ్గా చుట్టకపోయినా తిట్టేది, చుట్టినా ఇంకేదో వెతికి తిట్టేది.

ఆ కోపం ఆమెకు పన్నెండేళ్లప్పుడే మొదలైంది. డ్యాము కట్టి ఊరు ముంచారు. ఇంట్లో సామాన్లు ఇంకా సగం ఉండగానే నీళ్లు గడప దాటినాయి. నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, నల్లరేగడి రైతుగా బతికిన ఆమె నాయన కర్నూలులో ఒక లాడ్జి ముందర వాచ్‌మన్‌గా చచ్చిపోయాడు. తరవాత పెళ్లయింది. మొగుడు నాగిరెడ్డికి రెండు చేపల పడవలు. కొడుకు ప్రవీణ్ ఆరో తరగతిలో ఉండగా ఆయన కిడ్నీలు చెడి పోయాడు. దినాలు కాకముందే బావలిద్దరూ వచ్చి పడవలు అమ్మేద్దామన్నారు.

"ఆడదానికి పడవలేంది? రేపు చిప్ప పట్టుకోని అడుక్కుంటావు" అన్నాడు పెద్దబావ.

ఆమె కొడవలి పట్టుకుని రేవులో నిలబడింది. పడవల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేకపోయారు.

విచిత్రమేమిటంటే, ఆమె నిజంగానే చిప్పలతో పైకొచ్చింది. నీళ్ల అడుగున బురదలో బతికే ఆల్చిప్పలకు గిరాకీ ఉందని హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు. చెరువుల్లో ముత్యాలు పెంచేవాళ్లు వాటిని ప్రాణంతోనే కొనుక్కుపోయి, చిప్ప కొంచెం తెరిచి లోపల పూస పెట్టి, మళ్లీ నీళ్లలో వదులుతారట. ఏడాదో రెండేళ్లో ఆగితే ముత్యం. ఒడ్డు పక్కన చిప్పలు చిన్నవి. పెద్దవి కావాలంటే మూడు నిలువుల లోతుకు దిగాలి.

దానికి ఆమె ఏర్పాటు చేసింది. పంచరు షాపుల్లో టైర్లకు గాలి పట్టే కంప్రెషర్‌ను పడవలో పెట్టి, డీజిల్ ఇంజనుతో తిప్పించేది. దాని పైపు కొస పళ్ల మధ్య బిగబట్టి, నడుముకు రాయీ తాడూ కట్టుకుని మనిషి అడుక్కు దిగుతాడు. చిప్పలు ఏరి సంచిలో వేస్తాడు. పైన ఒకడు తాడు కొస పట్టుకుని కూర్చుంటాడు. కింద నుంచి తాడు గుంజితే పైకి లాగాలి. ఇంజన్లు చూసుకునేది నందికొట్కూరు మెకానిక్ లాల్ అహమ్మద్. దిగేవాళ్లు ఎక్కువగా కోసిగి పక్కవాళ్లు. అక్కడ వాన లేని ఏడాది గుంటూరు మిరపకోతలకు పోయే జనంలో కొందరిని ఆమె ఇటు తిప్పుకుంది. బావులు తవ్వినవాళ్లు, నీళ్లకు భయపడనివాళ్లు కావాలని ఏరి మరీ తెచ్చుకునేది.

ఏసేపు అట్లా వచ్చినవాడే. తమ్ముడు లేవి, పెళ్లాం రూతమ్మ కూడా వచ్చారు. అన్నదమ్ములిద్దరూ నీళ్లలో దిగేవాళ్లు. రూతమ్మ ఒడ్డున కూర్చుని చచ్చిన చిప్పల్ని, బతికిన చిప్పల్ని వేరు చేసేది. ఏసేపు మాట తక్కువ మనిషి. లక్ష్మీదేవమ్మ తిడుతుంటే నవ్వేవాడు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. హైదరాబాదు నుంచి పెద్ద లోడు అడిగారు. ఇంజన్లు తడవకుండా పడవల మీద టార్పాలిన్ పట్టాలు కట్టి, వానలోనే మనుషుల్ని దించారు. పనంతా ఇప్పుడు పెద్దవాడైన ప్రవీణ్ చూసుకుంటున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం ఆమె నందికొట్కూరులో ఐసు బేరం చేస్తుండగా కొడుకు ఫోన్ చేశాడు.

"మ్మా, ఏసేపు పోయినాడు. తాగి దిగినాడంట. పైపు నోట్లోంచి ఊడిపోయింది."

ఆమె వచ్చేసరికి శవాన్ని వ్యాన్ ఎక్కించి కోసిగికి పంపించేశాడు ప్రవీణ్. పోలీసులకు చెప్పలేదు. "వాళ్లే వద్దన్యారు మ్మా, శవాన్ని కోస్తారని భయం" అన్నాడు. ఆమె నమ్మింది. పైగా చచ్చినవాడిని తిట్టింది. "తాగి దిగేదానికి ఇది వాళ్లబ్బ బాయా?" అని రేవంతా వినబడేలా అరిచింది.

సమాధి చేసిన మూడో రోజున రూతమ్మ తిరిగొచ్చింది. వెంట లేవి ఉన్నాడు. ఆమె చిప్పల కుప్ప దగ్గరికి పోలేదు. ఏసేపు ఆ రోజు దిగిన పడవలోకి ఎక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు. పక్క పడవలవాళ్లు అది చూసి పైపులు కింద పెట్టేశారు. ఇక నీళ్లలో దిగేది లేదన్నారు.

జీపు దిగుతూనే లక్ష్మీదేవమ్మ మొదలుపెట్టింది.

"ఏమ్మే, కర్మాంతరాలకు ఇచ్చి పంపించినాం గదా. ఇంకేం కావాల? పని చెడగొట్టనీకె వచ్చినావా?"

"నీ దుడ్లు నాకొద్దు" అంది రూతమ్మ. "నా మొగుడు తాగడు. పెండ్లయినకాడి నుంచి ఒక చుక్క ముట్టల్యా. తాగి సచ్చినాడని ఊరంతా చెప్పిచ్చినావు. ఆ మాట ఎనక్కి తీసుకో."

"మరెట్ల సచ్చినాడు?"

"నన్నడుగుతావా? పడవ నీది. ఇంజను నీది. గాలి నీది." రూతమ్మ ఇంజను వైపు చెయ్యి చూపించింది. "పైకి తీసినప్పుడు పైపు నోట్లోనే ఉండాది. మొగం ఎర్రగా ఉండాది, అప్పుడే వేన్నీళ్లు పోసుకున్యట్ల. నీళ్లు తాగి సచ్చినోని మొగం అట్లుంటాదా? కడుపు ఉబ్బల్యా. నేను కడిగినా వాన్ని, నాకు తెల్దా?"

"మా అన్న దిగే ముందర చెప్పినాడమ్మా" అన్నాడు లేవి. "గాలి కంపు కొడతాంది, తల తిరుగుతాంది అని. చిన్నరెడ్డి దిగు దిగు అని తరిమినాడు."

లక్ష్మీదేవమ్మ కొడుకు వైపు తిరిగింది. ప్రవీణ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"అబద్ధాలు మ్మా. అదే పడవ, అదే ఇంజను. ఇన్నేండ్ల నుంచి దిగుతాండారు గదా."

"అయితే నువ్వు దిగు" అంది రూతమ్మ. "ఆ పొద్దు ఎట్ల కట్టినారో అట్లనే పట్టా కట్టి, ఇంజను తిప్పి, నువ్వు దిగి రా. నేను లేసి పోతా. నోరెత్తను."

జనం దగ్గరికి జరిగారు. లక్ష్మీదేవమ్మకు ఇది నచ్చింది. ఒక్క మాటతో తేలిపోయే వ్యవహారం.

"దిగురా" అంది కొడుకుతో. "దిగి చూపిచ్చు వీళ్లకు."

"నాకెందుకు మ్మా... నాకు సరిగ్గా ఈత రాదు."

ఆమె నిలబడిపోయింది. వాడికి ఈత నేర్పింది ఆమే. ఇదే రేవులో, నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, ఏడిచినా వదలకుండా. పదో తరగతిలో వాడు ఈ నీళ్లను అవతలి ఒడ్డుదాకా ఈదాడు.

"ఏందిరా నువ్వు చెప్పేది?"

"వీళ్లు చెప్పినట్ల ఆడాల్నా మనం? పా మ్మా, పోలీసుల్ని పిలుద్దాం, దింపేస్తారు."

ఆమె ఇంకేమీ అడగలేదు. చెప్పులు విడిచింది. చీర కొంగు బిగించి, కుచ్చిళ్లు వెనక్కి దోపింది. పడవెక్కి, "పట్టా కట్టండి. ఆ పొద్దు మాదిరే కట్టండి" అంది. లాల్ అహమ్మద్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, వద్దక్కా. నా మాటిను."

"ఇంజను తిప్పు లాలప్పా."

"నీ వయసేంది..."

"తిప్పుతావా, నేనే తిప్పుకోవాల్నా?"

ఇంజను తిరిగింది. తాడు ఎవరు పట్టుకోవాలో ఆమె చెప్పకముందే లేవి వచ్చి పట్టుకున్నాడు. అతని ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది. చేతిలో తన ప్రాణం ఉన్నవాడు తన మీద ఎంత కోపంగా ఉన్నాడో ఆమెకు కనిపించింది. అయినా పైపు నోట్లో పెట్టుకుని దిగింది.

నీళ్లు ఎర్రగా, చల్లగా ఉన్నాయి. అడుగుకు చేరేదాకా ఆమె మనసులో తిడుతూనే ఉంది. రూతమ్మను, లేవిని, కొడుకును, బావల్ని, డ్యాము కట్టినవాళ్లను. కాళ్లకు బురద తగిలింది. చేత్తో తడిమితే చిప్పలు దొరికాయి. ఒకటి, ఇంకొకటి సంచిలో వేసింది. గాలిలో డీజిలు కంపు. కంపే కదా, ఇంజను దగ్గర ఎప్పుడూ ఉండేదే అనుకుంది. కాసేపటికి కణతలు డప్పులా కొట్టుకోవడం మొదలైంది. చేతులు తనవి కానట్టు బరువెక్కాయి. ఇంకో చిప్ప అందుకోబోయి ఎందుకు అందుకోవాలో మరిచిపోయింది.

తరవాత హాయిగా ఉంది. బురద మెత్తగా ఉంది. కాస్త ఒరిగితే నిద్ర పట్టేలా ఉంది. రూతమ్మ మీద కోపం లేదు, ప్రవీణ్ మీదా లేదు. ఎవరి మీదా లేదు. పన్నెండేళ్ల వయసు నుంచి ఒక్క పూట కూడా తనను విడవని కోపం, ఎక్కడికో పోయింది.

దానితోనే ఆమెకు భయం పుట్టింది. కోపం లేని తానేమిటో ఆమెకు తెలియదు. ఇది చావు అని అర్థమైంది. బలమంతా కూడగట్టుకుని తాడు గుంజింది.

లేవి లాగాడు. ఆగకుండా లాగాడు. పడవ అంచుకు ఈడ్చి పడేస్తే ఆమె వాంతి చేసుకుంది. కళ్లు తిరుగుతున్నాయి, తల పగిలిపోతోంది. లాల్ అహమ్మద్ పట్టా చించి అవతల పారేశాడు. కింద కమ్ముకున్న నల్లటి పొగ బయటికొచ్చింది. ఇంజను పొగగొట్టం విరిగి, మిగిలిన మొండి కంప్రెషర్ గాలి పీల్చే చోటు పక్కనే ఉంది. పట్టా కింద నిండిన పొగనే అది పీల్చి కిందికి పంపుతోంది.

చాలాసేపు ఆమె పడుకునే ఉంది. లేచి కూర్చున్నాక కొడుకును పిలిచింది.

"నీకు తెలుసు గదరా."

ప్రవీణ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసునా తెలీదా?"

"గొట్టం ఇరిగిందని తెలుసు మ్మా. ఒక్క దినానికి ఏమైతాదిలే అనుకున్యా. నువ్వే గదా లోడు లోడు అని పానం తీసింది?"

ఆమె చెయ్యెత్తింది. అప్పుడు లాల్ అహమ్మద్ అన్నాడు, "నీక్కూడా చెప్పొచ్చినా అక్కా. ఆ పొద్దు మీ ఇంటికాడికి వచ్చి, గొట్టం మార్చేదాకా ఆపమని చెప్పబోతి. ఇంజన్ల గోడు నాకు చెప్పొద్దు పో అన్యావు."

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. అన్నది. గుర్తుంది. ముఖం కూడా చూడకుండా అన్నది.

రూతమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. "చాలా?" అంది. "తెలిసొచ్చెనా?"

ఆ సాయంత్రమే తడి చీరతోనే లక్ష్మీదేవమ్మ రూతమ్మను, లేవిని జీపులో ఎక్కించుకుని స్టేషనుకు పోయింది. ప్రవీణ్ జీపుకు అడ్డం నిలబడ్డాడు. "కన్నకొడుకును జైల్లో పెట్టిస్తావా?" అని అరిచాడు. "నేనూ వస్తాలే నీ ఎంబడి" అని ఆమె జీపు ముందుకు పోనిచ్చింది.

ఎస్సై ఆమెను ఎరిగినవాడే. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"పూడ్చినాక ఇదంతా ఎందుకమ్మా? వాళ్లకేందో చూసి పంపించు, అయిపోతాది."

లక్ష్మీదేవమ్మ బల్ల మీద కొట్టింది. టీ గ్లాసు ఒలికింది. "నా నాయనకు గూడా ఇట్లనే చెప్పినారయ్యా మీ ఆఫీసులోళ్లు, ఏందో చూస్తాం పో అని! చూస్తాం పో అని సంపినారు! రాసుకో నేను చెప్పేది. మనిషి తాగి సావల్యా. నా ఇంజను పొగకు సచ్చినాడు. నాకు చెప్తే ఇనల్యా. నా కొడుక్కు తెలిసి గూడా దింపినాడు. రాయి!"

అతను రాసుకున్నాడు.

సమాధి తవ్వి తీసేటప్పుడు తాసిల్దారు వచ్చాడు, డాక్టర్లు వచ్చారు. కోసిగిలో ఆ రోజు రూతమ్మ దుప్పటి కప్పుకుని దూరంగా కూర్చుంది. లక్ష్మీదేవమ్మ పలకరించబోతే ముఖం తిప్పుకుంది. ఒంట్లో విషవాయువు ఉందని తేలింది. ప్రవీణ్‌ను, లక్ష్మీదేవమ్మను ఇద్దరినీ అరెస్టు చేశారు. కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. పడవలు జప్తయ్యాయి. దిగేవాళ్లు గుంటూరు బస్సెక్కారు. పెద్దబావ రేవుకొచ్చి, పడవలు లెక్కబెట్టినట్టు చూసి, నవ్వి పోయాడట. ప్రవీణ్ పెళ్లాంబిడ్డల్ని తీసుకుని ప్రొద్దుటూరులో అత్తగారింటికి చేరాడు. తల్లితో మాట్లాడడు.

కేసు కర్నూలు కోర్టులో నడుస్తోంది. మొదటి వాయిదా నాడు వరండాలో ఒకే బెంచీ ఖాళీగా ఉంది. రూతమ్మ ఒక కొసన కూర్చుంది. లక్ష్మీదేవమ్మ రెండో కొసన కూర్చుంది. లక్ష్మీదేవమ్మే ముందు పలికింది:

"నేను చెప్పిన మాట మార్చను. ఎవరు బతిమాలినా మార్చను."

రూతమ్మ ఇటు తిరిగింది. "మార్చకపోతే? నీకు దండం పెట్టాల్నా? నిజం చెప్పింది, మంచి మనిషి అని అందరూ అంటాండారు నిన్ను. నీ నోటికొచ్చినట్ల తాగుబోతు అన్యప్పుడు యాడ పోయింది ఆ మంచితనం? నువ్వు దిగి చూస్తే గాని నా మాట మాట గాదు. నీకు కడుపులో తిప్పితేనే నా మొగుడు సచ్చినట్టు లెక్క."

లక్ష్మీదేవమ్మ నోరు తెరిచింది. ఎదుటివాళ్లు ఒకటంటే పది అనే మనిషి. ఒళ్లంతా మండుతోంది. కానీ ఆ మంట రూతమ్మ మీదికి పోలేదు, కొడుకు మీదికి పోలేదు, ఏ ఆఫీసు మీదికీ పోలేదు. లోపలే తిరిగింది. చీర కొంగు పిడికిట్లో నలిపేస్తూ కూర్చుంది.

బంట్రోతు బయటికొచ్చి పేర్లు పిలిచాడు. రూతమ్మ లేచి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. లక్ష్మీదేవమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ఆమె వెనకే పోయింది.