వణకని ఇంజన్

వాల్యా నోట మాట రావడమంటే ఎండాకాలంలో బోరులో నీళ్లు రావడమే అంటారు గార్లలో. పంపుసెట్ల మెకానిక్. ఎవరు ఇంజన్ తెచ్చినా వింటాడు, తల ఊపుతాడు, పానా అందుకుంటాడు. అంతే.

అలాంటి మనిషి కూతురి కోసం కాళేశ్వరం దాకా వచ్చి గోదావరి ఒడ్డున మకాం పెట్టాడు.

కూతురు జమున అక్కడి స్నానఘట్టంలో మునిగేవాళ్లను కాపాడే కొలువులో ఉంది. ఆమె చేతికొక నీటి బండి, అదే జెట్ స్కీ, ఇచ్చారు. కూర్చునేది కాదు, హ్యాండిల్ పట్టుకుని నిలబడి నడిపేది. లోతు నీళ్లలో చేపలా పోతుంది. తంటా అంతా ఇసుక తిప్పల దగ్గరే. వానలు వెనకబట్టాక నది నడుమ తిప్పలు తేలతాయి. అప్పుడు బండి దిగి, తిప్ప మీదుగా దాన్ని లాక్కెళ్లి, అవతలి పాయలో వేయాలి. పాత ఇంజన్ బరువుకు ఆ బండి ఇసుకలో కూరుకుపోయి మొండెద్దులా కదిలేది కాదు.

పోయినేడు జనగామ నుంచి వచ్చిన సరోజ అనే పెద్దామె అవతలి పాయలో కాలు జారింది. జమున బండిని తిప్ప దగ్గరే వదిలేసి, ఉరికి, ఈది, ఆమెను జుట్టు పట్టి బయటికి తెచ్చింది. ఆమె ప్రాణం దక్కింది గానీ, ఘట్టానికి పెద్దదిక్కైన బుచ్చయ్య గుండెదడ తగ్గలేదు.

“బిడ్డా, గా దినం గంగమ్మ దయ జూసింది. రోజూ జూస్తదా? బండిని నువ్వొక్కదానివే తిప్ప దాటియ్యాలె. లేకుంటే బండి మొగపోరగాళ్లకిస్త. నువ్వు ఒడ్డున నిలవడి ఈలూదు,” అన్నాడు.

మనిషి మునుగుతుంటే ఒడ్డున నిలబడి ఈల ఊదడం తన వల్ల కాదని జమున తండ్రికి ఫోన్‌లో చెప్పుకుని ఏడ్చింది. వాల్యా “ఊఁ” అన్నాడు.

బుచ్చయ్య పెట్టిన షరతు సరోజ చెవినా పడింది. ఆమె కొడుకు వీరేందర్ వీపుకు ఇంజన్ కట్టుకుని, గుడ్డ రెక్క కింద గాలిలో ఎగిరే ఆటగాడు. ఒక పొద్దున గార్లకు వచ్చి వాల్యా బల్ల మీద ఒంటిచేత్తో ఒక ఇంజన్ పెట్టాడు.

“మా అమ్మను బయటికి గుంజిన చెయ్యికి గిది, కాకా. దీంట్ల కిందికీ మీదికీ ఆడే పిస్టన్ లేదు. కోడిగుడ్డు లెక్క డొల్ల, దాంట్ల మూడు మూలల ముక్క గిరగిర తిరుగుతది. గందుకే వణకదు. బరువు పునాది అక్కెర్లేదు, గీ సన్న బిగింపులు సాలు.”

వాల్యా తల ఊపాడు. ఊపాడే గానీ ఆ చివరి మాటను ఈ చెవిన విని ఆ చెవిన వదిలాడు. పొలం గట్టున డీజిల్ ఇంజన్‌ను దిమ్మకు బిగించకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియదా? ఎగిరెగిరి పోయి బావిలో పడుతుంది. పునాది లేని ఇంజనూ తాగినోడూ ఒకటే. అందుకని బయ్యారంలో ఒక మందపాటి ఇనుప పలక కొని, ఇంజన్‌తో పాటు కాళేశ్వరం తెచ్చి, బండి కడుపులో పరిచి, ఇంజన్‌ను దాని మీద కూర్చోబెట్టాడు.

పరీక్ష నాడు బండి నీళ్లలో బాగానే ఉరికింది. తిప్ప దగ్గర జమున దిగి తాడు భుజాన వేసుకుని లాగింది. వెనకభాగం ఇసుకలో దిగబడింది. మళ్లీ లాగి మోకాళ్ల మీద పడింది.

“ఏందే వాల్యన్నా, కొత్త ఇంజన్ గూడ పాతదానికి సుట్టమేనా?” అని నవ్విన బుచ్చయ్య, జమున మొహం చూసి నవ్వు ఆపేశాడు. “సరే, పొద్దుగూకకముందు ఇంకోపారి జూద్దం.”

వాల్యా బండి మూత తీశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. పలకకున్న నట్లలో రెండింటిని బిగించడం తనే మరిచిపోయాడు. పంపు ఇంజనైతే అవి ఎప్పుడో ఊడి నీళ్ల పాలయ్యేవి. ఇవి వేలితో తిప్పి వదిలిన చోటే ఉన్నాయి, కునుకు తీస్తున్నట్టు.

“ఏంది బాపూ?” అంది జమున తొంగి చూసి.

“వణకలే.”

“వణకదనే గదా వీరేందరన్న సెప్పింది? మరి గీ పలక ఎవలు పెట్టమన్నరు?”

వాల్యా పానా అందుకున్నాడు. పలక ఊడదీయడానికి తండ్రీకూతుళ్లిద్దరూ పట్టాల్సి వచ్చింది. వీరేందర్ ఇచ్చిన బిగింపుల కింద గట్టి చెక్క ముక్కలు ఎత్తు పెట్టి, తిరిగే కడ్డీ సూటిగా కుదిరేదాకా చూసి, ఈసారి అన్ని నట్లూ బిగించాడు.

ఎండ ఎర్రబడుతుండగా జమున మళ్లీ తిప్ప చేరింది. తాడు పట్టింది. బండి ముందు కొంచెం గునిసింది. తర్వాత ఇసుక మీద చేట జారినట్టు జారుతూ ఆమె వెంట నడిచింది. అవతలి పాయలో పడి జుయ్యిమంది.

బుచ్చయ్య మెడలోని ఈల తీసి గట్టిగా ఊదాడు. “ఇగ గిది నాకే. ముసలోణ్ని, ఒడ్డున నిలవడి నేనే ఊదుకుంట,” అన్నాడు. ఇనుప పలకను కాలితో తట్టి, “గిది గూడ ఇయ్యి వాల్యన్నా. నా పడవకు లంగరైతది,” అన్నాడు.

జమున తిరిగి వచ్చి, తడి చేతులతోనే వీరేందర్‌కు ఫోన్ కలిపి తండ్రి చేతిలో పెట్టింది.

“కాకా! దాటిందా?”

వాల్యా ఫోన్‌ను బండి దగ్గరికి తీసుకెళ్లి, తిరుగుతున్న ఇంజన్ ముందు పట్టుకున్నాడు. అవతల నుంచి సరోజ గొంతు వినిపించింది: “అన్నా, ఇనవడుతుంది.”

వాల్యా ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

“సల్లగుండుండ్రి అమ్మా. మీ పిలగాడు సెప్పినప్పుడే నేను ఇనకపోతి. నా బిడ్డను ఒడ్డు మీద నిలవెట్టకుంట జేసిండ్రు. మీ పేరు సెప్పుకొని బతుకుతం.”

జమున నోరు తెరిచి తండ్రినే చూస్తూ నిలబడింది. ఇంజన్ ఆపడం మరిచింది.