రిందు నాన్న తోట

మా మిరియపు తోట చచ్చిపోయిందని ముందు తెలిసింది నాకే. మూడో ఏట తీగను ఊతచెట్టు నుంచి విప్పి, చుట్టగా వంచి, కొస మాత్రం పైకి ఉంచి మట్టి కప్పాలి. అప్పుడే కొత్త వేళ్ళు పుట్టి బాగా కాస్తుంది. వానలు మొదలయ్యాక చేసే పని అది. మా ఆయన మబ్బు చూసి తొందరపడ్డారు. మబ్బు కొండ దాటి పోయింది. మట్టి తీసి చూస్తే తీగ నా చేతిలో ఎండుపుల్లలా విరిగింది.

పెళ్ళయిన ప్రతి మగవాడూ తెల్లవాళ్ళ కోటకు మిరియం పెంచాలి. కోటకే అమ్మాలి, కోట చెప్పిన ధరకే. బయటి పడవకు ఒక్క బుట్ట అమ్మినా ఆ పడవను తగలబెడతారు. వరి వేసుకునే చోట మిరియం వేశాం కనక బియ్యమూ కోట దగ్గరే కొనుక్కోవాలి. తోట చంపుకున్నవాణ్ణి తీసుకుపోయి కాళ్ళకు గొలుసు వేసి రాళ్ళు మోయిస్తారు. పోయినేడు ఎగువ ఊరి నుంచి అలా వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అతని తోటలో గడ్డి మనిషెత్తు పెరిగింది. అందులో తాతగారు మకాం పెట్టారు. పులిని మేం తాతగారనే అంటాం. పోయిన పెద్దలు ఆ ఒంట్లో ఉంటారు.

తోటలు చూసే దొర వచ్చే రోజు పొద్దున అన్నం వండాను గానీ ఇద్దరం ముట్టలేదు.

"పారిపోదామా?" అన్నాను.

"ఎక్కడికి? ఎక్కితే తాతగారు, దిగితే కోట. నువ్వు వణక్కుండా నిలబడు, చాలు." చెబుతున్న ఆయన గడ్డమే వణుకుతోంది.

పక్క తోట గాదిన్ నాన్నతో మాకు మాటల్లేవు. గట్టు మీది దూరియన్ పళ్ళ చెట్టు మాదని మేము, తనదని ఆయన. ముందురోజు ఏటి దగ్గర నన్ను చూసి, నాతో కాకుండా తన కడవతో అన్నాడు: "ఆ మబ్బుని ఓ మాట అడగాల్సింది, ఆగుతావా పోతావా అని. కొందరికి ధ్యాసంతా పక్కోడి దూరియన్ల మీదేనాయె!"

దొర జ్వరమొచ్చినవాడిలా ఎర్రగా ఉన్నాడు. మాట్లాడేదంతా దుబాసీయే. తీరం వాడు, మా కొండ మర్యాదలు ఎరగడు. ఊరిపెద్ద వెనకాల తలొంచుకుని నడుస్తున్నాడు. చచ్చిన తీగలకు ఆయనా జరిమానా కట్టాలి. తోటవాడే చనిపోతే మాత్రం ఆ తోట లెక్కలోంచి పోతుంది.

దొర బూటుతో మట్టి తన్నాడు. ఎండిన వేరు బయటపడింది. దుబాసీ మా ఆయన వైపు తిరిగాడు.

"నీ పేరేంటి?"

మాలో మనిషి తన పేరు తన నోట చెప్పుకోడు. పక్కనున్నవాడు చెప్పాలి. బిడ్డ పుట్టాక బిడ్డ పేరే తండ్రికి పేరు. మా రిందు పుట్టినప్పటి నుంచి మా ఆయన రిందు నాన్న. మా ఆయన సిగ్గుతో నేల చూసి, అలవాటుగా పక్కకి తిరిగారు. పక్కన నిలబడింది గాదిన్ నాన్న.

నా చూపు గట్టు మీది దూరియన్ చెట్టు మీదికి పోయింది.

గాదిన్ నాన్న మా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మా తమ్ముడండీ. లెమాన్ నాన్న. నా తోటలోనే చేస్తాడు."

లెమాన్ అనే బిడ్డ మాకు లేడు.

"మరి ఈ తోట?"

"రిందు నాన్నదండీ. తాతగారు తీసుకుపోయారు. పొదల్లో కాలు కూడా దొరకలా."

"ఈవిడ?"

"ఆ పోయినోడి పెళ్ళాం."

జుట్టు విప్పుకుని ఏడ్చాను. తెచ్చిపెట్టుకున్న ఏడుపు కాదు. పొద్దుటి నుంచి గొంతులో ఉన్నదే బయటికొచ్చింది. ఊరిపెద్ద నోరు మెదపలేదు. దుబాసీ తన లెక్కల పుస్తకంలో రిందు నాన్న పేరు మీద గీత కొట్టాడు.

వాళ్ళు వెంటనే పోతే బాగుండేది. దొరకు జ్వరం హెచ్చి, ఆ రాత్రికి ఊరి చావడిలోనే దిగారు. చావడి మా ఇంటికి ఎదురే.

పొద్దు వాలుతుండగా మా ఆయన ఇంటి వెనక నుంచి పిలిచారు. "ఆకులో కాస్త అన్నం పెట్టివ్వు. తాతగారి మీద అబద్ధం పడింది. తప్పయిందని చెప్పొస్తా."

"ఇప్పుడా? చీకటి పడుతుంటే!"

"రేపటిదాకా ఊరుకుంటారా ఆయన?"

అన్నం పట్టుకుని ఎగువ గడ్డి వైపు వెళ్ళారు.

గాదిన్ నాన్న కంచె దగ్గరికొచ్చాడు. "ఒదినా, ఆ చెట్టు..."

"మీదే."

"నేనేం అనలేదే!"

"మీరు అనక్కర్లేదు."

"పోన్లే, నీ వైపు రాలినవి ఏరుకో. చచ్చినోడి పెళ్ళానికి ఆ మాత్రం పెట్టకపోతే ఊరు నవ్వుద్ది."

చీకటి పడింది. ఆయన రాలేదు. ఎగువ గడ్డిలో గాలి లేకుండానే ఏదో కదిలింది. ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది. పిలుద్దామంటే ఏమని పిలవను? రిందు నాన్న చచ్చిపోయాడు. లెమాన్ నాన్న నాకేమీ కాడు. చావడి అరుగు మీద దుబాసీ కూర్చుని ఉన్నాడు.

రోకలి అందుకుని ఖాళీ రోలు దంచసాగాను. ఇల్లు ఇటు, ఇటు అని ఆయనకు వినబడేలా.

"ఏం దంచుతున్నావమ్మా ఈ వేళప్పుడు?" దుబాసీ కేకేశాడు.

"మా ఆయన దినానికండీ," అన్నాను.  ఇంకా గట్టిగా దంచాను.

చివరికి గడ్డి చీల్చుకుని ఒక మనిషి వచ్చాడు. చేతిలో ఆకు లేదు. ఆ నడక ఎంత చీకట్లోనైనా నేను పోల్చుకోగలను. దుబాసీ తలెత్తి చూశాడు. ఆయన గుంజల మీది మా ఇంటి నిచ్చెన దగ్గర ఆగలేదు. నన్ను చూడకుండా దాన్ని దాటి, గాదిన్ వాళ్ళ నిచ్చెన ఎక్కి లోపలికి వెళ్ళిపోయారు.

నేను రోలు ఆపలేదు. గడ్డి ఇంకా కదులుతోంది.