ఆరు జవాబులు

సూరిబాబుకు ముప్పై రెండేళ్ళొచ్చినా బుద్ధి ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అయినా ఊళ్ళో వాడికో ఉద్యోగం ఉండేది. పొద్దున్నే కాలువ వంతెన మీద నిలబడి, రాజోలు బస్సు కనబడగానే "బస్సండోయ్!" అని కేకేసేవాడు. ఆ కేక విన్నాకే జనం చెప్పులేసుకునేవారు. అందరూ ఎక్కేదాకా వాడు ఎత్తిన చెయ్యి దించడు, వాడు దించేదాకా డ్రైవరు బండి కదపడు. జీతమంటారా, బంగారయ్య హోటల్లో పంచదార వేసిన రెండు ఇడ్లీలు.

రెండువేల మూడులో తల్లి పోయింది. అక్క ఆదిలక్ష్మికి దిగులు పట్టుకుంది. రేపు తనకేమన్నా అయితే వీడికి దిక్కెవరు?

నర్సు రాహేలు దారి చెప్పింది. "అమలాపురంలో క్యాంపు పెడతన్నారండి. డాక్టరు గారు నాలుగు ప్రశ్నలడిగి సర్టిఫికెట్ రాస్తారు. అదుంటే పింఛనొస్తదండి."

ప్రశ్నలనగానే ఊరికి ఒకటే అర్థమైంది: పరీక్ష. పరీక్షంటే పాసవ్వాలి కదా! రిటైరైన మాణిక్యాలరావు మాష్టారు జీవితంలో మొదటిసారి బెత్తం లేకుండా పాఠం మొదలుపెట్టారు. నీ పేరేంటి, మీ ఊరేది, అక్క పేరేంటి, ఇది ఏ నెల... మొత్తం ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు. జవాబు చెబితేగాని బంగారయ్య ఇడ్లీ పెట్టేవాడు కాదు. బస్సు డ్రైవరు సైతం కిటికీలోంచి తల పెట్టి "ఏ నెల సూరిబాబూ?" అనేవాడు. ఇది తప్పితేనే గట్టెక్కే పరీక్షని ఒక్కరికీ తట్టలేదు. అంత తెలివైన ఊరు!

క్యాంపు రోజు వరండాలో ఈ చదువు సంగతి విని రాహేలు నెత్తి కొట్టుకుంది. "అన్నీ చెప్పేస్తే బాగానే ఉన్నాడని రాసేస్తారు కదండీ!"

ఆదిలక్ష్మి తమ్ముణ్ణి పక్కకు లాగబోయింది. అప్పటికే లోపలికి పిలిచారు.

"పేరు?"

"సూరిబాబండి."

"ఇది ఏ నెల?"

"ఆగస్టండి."

తమ్ముడు అంత చక్కగా జవాబులు చెబుతుంటే ఆదిలక్ష్మికి పట్టరాని గర్వం, చచ్చేంత భయం. వాడికేమీ తెలియదండీ అని వాడి ముందే చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరు కలం తీశాడు. తీసి, మళ్ళీ అడిగాడు.

"ఎక్కడైనా తప్పిపోతే ఏం చేస్తావ్?"

మాష్టారు చెప్పని ప్రశ్న. సూరిబాబు బుర్ర గోక్కున్నాడు.

"నేనెందుకు తప్పిపోతానండీ? ఎటెళ్ళినా ఎవరో ఒకరు ఇంటికి తీసుకొచ్చేస్తారు. మాష్టారండి, బంగారయ్య గారండి, డ్రైవరు గారండి... ఇప్పుడు మీరు కూడానండి."

డాక్టరు కలం కింద పెట్టి, మాష్టారు నేర్పని బొమ్మల పరీక్ష తెచ్చి అరగంట కూర్చున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది.

ఆరేళ్ళు గడిచాయి. మాష్టారు పోయారు. బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు. బంగారయ్య హోటలు కట్టేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు గల్ఫు పోయారు, ఉన్నవాళ్ళు మోటారుసైకిళ్ళు కొన్నారు. పింఛను మాత్రం నెలనెలా వస్తోంది. పింఛనొస్తే చాలని ఒకప్పుడు ఆదిలక్ష్మి ఎన్ని మొక్కులు మొక్కిందో!

మార్చి నెలలో ఒక పొద్దున సూరిబాబు ఎంత కేకేసినా ఒక్కరూ రాలేదు. పాపం, బస్సు ఖాళీగా పోతోందని వాడే ఎక్కేశాడు. మధ్యాహ్నం దాకా ఆదిలక్ష్మి కాలువ గట్టు వెంట ఏడుస్తూ తిరిగింది.

రెండింటికి గుమ్మం ముందు ఆటో ఆగింది. ముందు సీట్లో సూరిబాబు, నోటినిండా జీళ్ళు. ఆటో నడిపేది ముక్కూ మొహం తెలియని మనిషి.

"రాజోలు సెంటర్లో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడండి. పేరడిగితే ఊరూ, మీ పేరూ అన్నీ వరసన చెప్పేసేడు. నెల ఒక్కటే తప్పండి. ఆగస్టంట!"

ఆదిలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తమ్ముడి మూతి కొంగుతో తుడిచింది.

"తప్పు కాదండి," అంది. "మా మాష్టారు ఆగస్టులో నేర్పేరండి."